మీది గోడౌను

ఆ రోజుల్లో మా ఇంట్లో కుడి, ఎడమ అనే మాటలకు అన్నం తినే చేతి దగ్గర తప్ప పని ఉండేది కాదు. మిగతా లోకమంతా దిక్కులతోనే నడిచేది. ఉప్పు డబ్బా పొయ్యికి వడకపక్క ఉండేది. ఒకే చాప మీద అక్కచెల్లెళ్ళం పడుకుంటే "కొంచిం తెక్కుగా జరుగుమే" అని మా అవ్వ కసిరేది. తలకు నూనె అంటేటప్పుడు కూడా "కిందిపక్క ఇంకా తడవలేదు, తిరుగు" అనేది (తిరిగితే కిందిపక్క మారిపోతుంది కదా అన్న సందేహం మాలో ఎవరికీ వచ్చేది కాదు). వడక అంటే ఉత్తరం, తెక్కు అంటే దక్షిణం, కిందిపక్క అంటే తూర్పు, మీదిపక్క అంటే పడమర. తమిళనాడులోని కోవిల్‌పట్టిలో మా వీధిలో తెలుగు మాట్లాడే నాలుగైదు ఇళ్ళల్లో ఇదే భాష. మా నాయన ఒకసారి పన్ను నొప్పితో ఆసుపత్రికి వెళ్ళి, మద్రాసు నుంచి వచ్చిన కొత్త డాక్టరుతో తెక్కుపక్క పన్ను అని చెప్పాడట. ఆయన కుర్చీ తిప్పాక, ఇప్పుడది వడకపక్క అని కూడా నిజాయితీగా చెప్పాడట. ఆ రోజు ఏ పన్ను పీకారని ఎప్పుడడిగినా మా నాయన మాట మార్చేవాడు.

తమిళంలో తూర్పును కిళక్కు అంటారు, పడమరను మేర్కు అంటారు. మొదటి మాటలో కింద అన్న అర్థం ఉంది, రెండోదాంట్లో పైన అన్న అర్థం. మా నేల తీరే అంత. వత్రాప్ అవతల కొండలు పడమట ఉంటాయి, సముద్రం తూర్పున ఉంటుంది, వాన నీళ్ళు మీది నుంచి కిందికి పోతాయి. ఎన్ని తరాల కిందట అక్కడికి చేరామో తెలియని మా వాళ్ళు తెలుగు మాట వదల్లేదు, తమిళ అర్థమూ వదల్లేదు. రెండూ కలిపి కింద, మీద అని సర్దుకున్నారు. తూరుపు, పడమర అన్న మాటలు మా అవ్వకు తెలియక కాదు. అడిగితే, "అవి పొద్దుకు. మనుసులకు గాదు" అనేది. దేవుడి పటం ముందు వెండి గిన్నె పెట్టినట్టు, ఆ రెండు మాటల్నీ సూర్యుడి కోసం విడిగా దాచిపెట్టింది.

ఈ సంపదంతా మూట కట్టుకుని నేను ఇరవై రెండో ఏట విరుదునగర్‌లో ఉద్యోగానికి వెళ్ళాను. మిరపకాయలు, పప్పులు తెప్పించి అమ్మే పెద్ద మండీ అది. మా మొదలాళి (యజమానిని అక్కడ అలాగే అంటారు) నా టైపింగ్ సర్టిఫికెట్ వైపు చూడను కూడా చూడలేదు. "తెలుగు వచ్చా? గుంటూరు నుంచి ఫోన్లు వస్తాయి. మాకెవరికీ ఒక్క ముక్క అర్థం కాదు" అన్నాడు తమిళంలో. "ఇంట్లో తెలుగే సార్. పుట్టగానే ఏడ్చింది కూడా తెలుగులోనే" అన్నాను. ఆయన నవ్వి, ఫోను నా బల్ల మీదికి జరిపించాడు. రోజూ పొద్దున కోవిల్‌పట్టిలో రైలెక్కి, సాయంత్రం తిరిగి వచ్చేదాన్ని. మా వీధిలోకి అడుగు పెట్టేటప్పుడు నా నడక కొంచెం మారిందని మా అమ్మ అనేది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పొద్దంతా చట్రాల్లో పుల్లలు పేర్చి వచ్చే మనిషి ఆమె. కూతురు ఫోనులో మాట్లాడి జీతం తెచ్చుకుంటోందంటే ఆమెకు అదొక వింత. పక్కింటి వాళ్ళకు చెప్పేటప్పుడు "మా పాపకు తెలుగు పని" అనేది.

గుంటూరు వర్తకుడి దగ్గర ఫోనెత్తే గుమాస్తా నా మొదటి అభిమాని. మనిషిని ఎన్నడూ చూడలేదు, గొంతు మాత్రమే తెలుసు. "ఏమండి, మూటలు ఎప్పుడు అంపిస్తారు?" అని నేను అడగగానే అవతల "ఒరే, ఇటు రండ్రా, అంపిస్తారంట, వినండి!" అని కేక వినిపించేది. తర్వాత ఫోను దగ్గర నలుగురి ఊపిరి. "ఇంకోసారి చెప్పమ్మా, లైను సరిగా లేదు" అనేవాడు. నేను మళ్ళీ చెప్పేదాన్ని, ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త స్పష్టంగా. ఒకరోజు అతను "నువ్వు మాట్లాడుతుంటే మా తాతమ్మ లేచొచ్చినట్టుంది తల్లీ" అన్నాడు. ఆ మెచ్చుకోలు ఇంటికి వెళ్ళి అందరికీ చెప్పాను. (మెచ్చుకోలు కాదని తెలుసుకోవడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. ఇప్పుడు మళ్ళీ అది మెచ్చుకోలే అయ్యుంటుందేమో అనిపిస్తోంది.)

అసలు సంగతి ఐప్పసి నెలలో జరిగింది. మాకు అది వానల నెల. మొదలాళికి రెండు గోడౌన్లు ఉండేవి, రైలు పట్టాలకు తూర్పున ఒకటి, పడమట ఒకటి. తూర్పుదానికి రేకులు విప్పి మరమ్మతు చేయిస్తున్నారు. ఆ రోజు మొదలాళి తాయిల్పట్టిలో చుట్టాల ఇంటి గృహప్రవేశానికి బయలుదేరుతూ నా బల్ల దగ్గర ఆగాడు. "గుంటూరు లోడు మధ్యాహ్నానికి వస్తుంది. పడమటి గోడౌనుకే పోవాలి. మబ్బు చూశావుగా, తడిసిందంటే కాయ నల్లబడిపోతుంది. నువ్వున్నావని ధైర్యంగా వెళ్తున్నా" అన్నాడు. ఆ చివరి మాట విని నేను కుర్చీలో ఒక అంగుళం పెరిగాను.

పన్నెండు దాటాక ఫోను మోగింది. మదురై రోడ్డు మీది ఎస్‌టీడీ బూత్ నుంచి లారీ డ్రైవరు.

"ఊళ్ళోకి వచ్చేశామమ్మా. గోడౌను ఎక్కడ?"

"రాండి రాండి అన్నా. మీది గోడౌనుకు పోండి."

"మాదా? మాకీ ఊళ్ళో గోడౌను ఎక్కడిదమ్మా?"

"మీది గాదన్నా, మీది!"

"అదే కదా నేనూ అంటున్నా. మాది కాదంటావు, మళ్ళీ మాదేనంటావు!"

నాకు చిరాకు వచ్చింది. ఆంధ్రా వాళ్ళకు తెలుగు ఇంత తక్కువ వస్తుందా అనుకున్నాను. "కిందిది ఒకటి ఉండాది గదా, దానికి పోగాకండి. రేకులు ఎత్తేసినారు. మీదిదానికి పోండి. కిందిది వద్దు, మీది!"

"ఓహో, కిందొకటి, పైనొకటీనా! ఆ ముక్క ముందే చెప్పొద్దూ. మెట్లున్నాయా?"

"ఉండాయి" అన్నాను. పడమటి గోడౌను ముందు నిజంగానే నాలుగు మెట్లు ఉన్నాయి.

ఫోను పెట్టేసి, గోడౌను కాపలా తాతకు కబురు పంపి, డబ్బా విప్పి పెరుగన్నం తిన్నాను. ఒంటిగంట అయింది. గోడౌనుకు లారీ రాలేదని కాపలా తాత మనిషిని పంపాడు. కిటికీలోంచి చూస్తే కిందిపక్క ఆకాశం అగ్గిపుల్లలతో నల్లబడ్డ మా అమ్మ చేతులకంటే నల్లగా ఉంది. అప్పుడు మళ్ళీ ఫోను మోగింది.

"అమ్మా, నలభై బస్తాలు ఎక్కించాం. మిగతావి కూడా ఎక్కించెయ్యమంటావా? ఇక్కడేదో పెళ్ళి జరుగుతోంది మరి."

"పెళ్ళా?"

"కింద పప్పు కొట్టు, పైన సన్నాయి వాయిస్తున్నారు. జనం ఊరికే తుమ్ముతున్నారమ్మా."

ఆ మేడ నాకు తెలుసు. కింద ఒక పప్పుల వ్యాపారి గోడౌను, పైన చిన్న చిన్న శుభకార్యాలకు అద్దెకిచ్చే హాలు. డ్రైవరుకు వచ్చిన నాలుగు తమిళ మాటల్లో మేడకు చెప్పే "మాడి" ఒకటి. దారిలో కనబడ్డ వాళ్ళనల్లా మాడి ఉన్న గోడౌను ఎక్కడని అడిగితే అందరూ దాన్నే చూపించారు. పప్పు కొట్టు దగ్గర బస్తాలు మోసేవాళ్ళు ఏ బస్తా అయినా మోస్తారు, పైకంటే పైకి.

నేను చెప్పుల్లో కాళ్ళు పెట్టుకోకుండానే పరుగెత్తాను. ఆ మేడ మెట్ల మధ్యకు వచ్చేసరికి కళ్ళల్లో నీళ్ళు మొదలయ్యాయి. పైన హాలుకు ఆనుకుని ఉన్న వరండాలో మిరపకాయల బస్తాలు నడుమెత్తున పేర్చి ఉన్నాయి, తలుపుల్లోంచి హాల్లోకి గాలి వీస్తోంది. లోపల నిశ్చితార్థం. తర్వాత తెలిసిందేమిటంటే, మొదటి బస్తా వచ్చినప్పుడే అందరూ చూశారు. అబ్బాయి వాళ్ళు వ్యాపారస్తులు కాబట్టి ఇది వాళ్ళ ఆనవాయితీ కాబోలని అమ్మాయి తండ్రి ఊరుకున్నాడు. అమ్మాయి వాళ్ళు నల్లరేగడి భూములున్న రైతులు కాబట్టి ఇవి వాళ్ళ పంటే కాబోలని, పెట్టుపోతలు ఘనంగానే ఉన్నాయని అబ్బాయి తండ్రి సంతోషించాడు. ఎదుటివాళ్ళను అడిగితే బాగుండదని ఇద్దరూ మర్యాదగా నవ్వుకుంటూ నలభై బస్తాలు ఎక్కనిచ్చారు.

సరిగ్గా తాంబూలం పళ్ళేలు మార్చుకోబోతుండగా సన్నాయి ఆయన తుమ్మాడట, అదీ సన్నాయిలోకే. కాసేపు ఆగి మళ్ళీ పళ్ళెం ఎత్తారు. ఈసారి పూజారి. మూడోసారి సాక్షాత్తూ పెళ్ళికొడుకు. నేను లోపలికి వెళ్ళేసరికి అబ్బాయి మేనత్త నడుముకు కొంగు బిగించి హాలు మధ్యలో నిలబడి ఉంది. "మూడుసార్లు ఎత్తాం, మూడుసార్లూ తుమ్మే. దేవుడు ఇంతకంటే ఎట్లా చెబుతాడు? ఇవాళ వద్దు. ఇల్లు చేరి ఆలోచిద్దాం" అంటోంది తమిళంలో, తనూ మధ్యమధ్య తుమ్ముతూనే. పక్క గది గుమ్మంలో పెళ్ళికూతురు నిలబడి ఉంది. నా వయసే. అందరి కళ్ళల్లోనూ నీళ్ళున్నాయి గానీ ఆ అమ్మాయివి మాత్రం మిరపకాయల వల్ల వచ్చినవి కావని చూడగానే తెలిసింది. అప్పటిదాకా నాకు నా ఉద్యోగం గురించే భయం. ఆ ముఖం చూశాక ఉద్యోగం సంగతి మరిచిపోయాను.

"దేవుడు గాదు, నేనే!" అని అరిచాను. కంగారులో ఇంటి భాష వచ్చేసింది. "ఆ మిరపకాయలు మాయి! మీదిపక్క గోడౌనుకు పొమ్మంటే ఈ లారీ అన్న మీదికి ఎక్కించేసినాడు!"

హాలంతా నా వైపు తిరిగింది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, గోడకు ఆనుకుని కూర్చున్న ఒక ముసలామెకు తప్ప. ఆమె పెళ్ళికూతురి అవ్వ. "మీదిపక్క అంటివా?" అంది తెలుగులో, నన్ను తేరిపార చూస్తూ. "ఏ ఊరు పాపా నీది?"

"కోవిల్‌పట్టి, అవ్వా."

"నువ్వు మీదిపక్క అంటివి, ఆయన మీద అనుకొనె. అంతేనా?" అని, నేను తలూపేలోగా నవ్వడం మొదలుపెట్టింది. ఒక తుమ్ము, ఒక నవ్వు, మళ్ళీ తుమ్ము. ఎవరో వీపు నిమిరి నీళ్ళు తాగించాక, ఆమె అబ్బాయి మేనత్త వైపు తిరిగి తమిళంలో తీర్పు చెప్పింది. "అమ్మా, ఒక మనిషి తుమ్మితే శకునం. ఊరంతా తుమ్మితే అది మిరపకాయ. కిందికి పోయి పళ్ళేలు మార్చుకుందాం, లేవండి."

మేనత్త ఇంకేదో అనబోయి, నోరు తెరిచి, గట్టిగా తుమ్మి ఊరుకుంది. బస్తాలు దింపితే గానీ జనం దిగడానికి దారి లేదు. దానితో రెండు పక్కల మగవాళ్ళూ పట్టుపంచెలు ఎగ్గట్టారు. సంబంధం ఇంకా కుదరకముందే వియ్యంకులిద్దరూ ఒకే బస్తాను చెరో కొస పట్టుకుని మెట్లు దిగుతుంటే చూడముచ్చటగా ఉంది. పప్పు కొట్టు వ్యాపారి తన గోడౌన్లో కందిపప్పు బస్తాల మధ్య చాపలు పరిపించాడు. తాంబూలాలు అక్కడే మారాయి. పెళ్ళికూతురు నా పక్కనుంచి పోతూ నా చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కింది. కోపమో కృతజ్ఞతో అడిగే వ్యవధి లేదు, మొదటి ఉరుము ఉరిమింది.

లారీ డ్రైవరుకు యాభై ఏళ్ళుంటాయి, నెరిసిన మీసం. నన్ను ముందు సీట్లో ఎక్కించుకున్నాడు. రోడ్డు మీదికి రాగానే "తెక్కుగా తిప్పండన్నా!" అన్నాను.

ఆయన బండి ఆపేశాడు. స్టీరింగు వదిలి నాకు రెండు చేతులూ జోడించాడు. "తల్లీ, ఇక నువ్వు మాట్లాడొద్దు. చేత్తో చూపించు చాలు."

దారంతా మూగదానిలా చెయ్యి ఊపుతూ కూర్చున్నాను. పట్టాలు దాటి పడమటి గోడౌను చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. లారీ పైన టార్పాలిన్ కప్పి ఉంది కాబట్టి సరిపోయింది. చివరి నాలుగైదు బస్తాలు దించేటప్పుడు మాత్రం కాపలా తాత గొడుగు, నా చున్నీ, డ్రైవరు తువ్వాలు, అన్నీ వాటి మీదే కప్పాం. మేం ముగ్గురం ముద్దగా తడిశాం, కాయ తడవలేదు.

వాన తగ్గేదాకా గోడౌను గుమ్మంలో కూర్చున్నాం. "పడమర అనొచ్చుగదమ్మా. ఆ మాట రాదా నీకు?" అన్నాడు డ్రైవరు.

"వచ్చు. అది పొద్దుకు గదా అన్నా."

"మా వైపు సూర్యుడూ మేమూ ఒక మాటతోనే సర్దుకుంటామమ్మా" అన్నాడు. తర్వాత, నా వయసు కూతురుందట, తనను అన్నా అనొద్దు బాబాయి అనమన్నాడు. మా ఇంట్లో చిన్నాయన అంటాం. బాబాయి అనే మాట నేను నోటితో అనడం అదే మొదటిసారి.

మర్నాడు మొదలాళి వచ్చేటప్పటికే ఊరంతా చెప్పేసింది. నేను బల్ల మీది ఫోను ఆయన వైపు జరిపి నిలబడ్డాను. ఆయన గోడౌనుకు పోయి బస్తాల్లో చెయ్యి పెట్టి చూసి వచ్చి, "కాయ బాగుంది" అన్నాడు. ఫోను నా వైపు మళ్ళీ జరిపి, "గోడౌన్లకు బోర్డు రాయించు. మన దగ్గరికి వచ్చే ప్రతి డ్రైవరుకూ అర్థమవ్వాలి. ఎవరు పడమరను ఏమంటారో నువ్వే కనుక్కో, ఇదే నీకు శిక్ష" అన్నాడు.

ఆ శిక్షంత హాయిగా నేను ఏ బహుమతినీ అనుభవించలేదు. ఒక నోటుబుక్కు పట్టుకుని, వచ్చిన ప్రతి లారీ దగ్గరికీ వెళ్ళి "పొద్దుగూకే పక్కను మీరేమంటారు?" అని అడిగాను. కన్నడం డ్రైవరు పడువణ అన్నాడు. మలయాళీ పడిఞ్ఞారు అన్నాడు. మా అవ్వ దాచిన పడమరకు ఇద్దరూ దాయాదులే, అందరికీ పొద్దు పడిపోతోంది. పంజాబు నుంచి గోధుమలు తెచ్చిన సర్దారు పచ్ఛిమ్ అని, నాకు అర్థం కావాలని ఎండ వైపు తిరిగి నిలబడి తన వీపు తట్టి చూపించాడు. పొద్దున సూర్యుడికి దండం పెట్టేవాడికి వెనకపక్క ఏదో అదే పశ్చిమమన్నమాట. వాళ్ళ పల్లెలో ముసలివాళ్ళు లహిందా అంటారట, అంటే దిగిపోయేది. గల్ఫులో పనిచేసే మా పెద్దమ్మ కొడుకు అక్కడి అరబ్బులు గర్బ్ అంటారని ఉత్తరంలో రాశాడు. మాకు ఇంగ్లీషు చెప్పిన కాన్వెంటు సిస్టరును అడిగితే, లాటిన్‌లో కూడా పడిపోయే దిక్కేనని, ఇంగ్లీషు వెస్ట్‌కు సాయంత్రంతో చుట్టరికమని చెప్పింది. మలయాళీ దగ్గర మాత్రం నాకు పెద్ద అనుమానం వచ్చింది. వాళ్ళ ఊళ్ళో కొండలు తూర్పున, సముద్రం పడమట. అయినా వాళ్ళూ తూర్పును కిళక్కు అనే అంటారు. "మీకు తూరుపు మీద గదా, కింద అని ఎట్లా అంటారు?" అని నిలదీశాను. అతను తల గోక్కుని, "చేచీ (అంటే అక్కా), నేను బండి తోలేవాణ్ణి" అన్నాడు పాపం.

ఇన్ని మాటలూ చూశాక నాకు ఒకటే అనిపించేది. ఒకరు నేల వాలు చూశారు, ఒకరు సూర్యుణ్ణి చూశారు, ఒకరు తమ వీపు చూసుకున్నారు. అందరూ చూపించిన వేలు మాత్రం ఒకే వైపుకు ఉంది. ఇదేదో లోకంలో నేనొక్కదాన్నే కనిపెట్టానని రైల్లో పక్కన కూర్చున్న ప్రతివాళ్ళకూ చెప్పేదాన్ని. (సాత్తూరులో ఎక్కే ఒకావిడ నన్ను చూసి పెట్టె మారిపోయేది.) చివరికి ఆరు లిపుల్లో బోర్డు తయారై గోడౌను ముందు నిలబడింది. డ్రైవర్లు దాని నీడలో బండి ఆపి, ఎదురుగా టీ కొట్టు వాణ్ణి దారి అడిగేవాళ్ళు.

బోర్డు మీద తెలుగు అక్షరాలు నేను రాయలేదు. అప్పటికి నాకు తెలుగు చదవడం, రాయడం రాదు, బడిలో అంతా తమిళమే. ఆ సంగతి విని డ్రైవరు బాబాయి తర్వాతి లోడుతో పాటు ఒక అఆల పుస్తకం తెచ్చిచ్చాడు. రైల్లో పోతూ వస్తూ దాన్ని దిద్దాను. సగం పుస్తకానికే ధైర్యం వచ్చేసింది, గుంటూరుకు ఆ బాబాయికే ఉత్తరం రాశాను. తమిళంలో ప, బ లకు ఒకే అక్షరం కదా, తెలుగులోనూ ఒకటి నేర్చుకుంటే చాలదా అనుకుని, పైన మర్యాదగా "ప్రియమైన పాపాయికి" అని మొదలుపెట్టాను.

మూడు వారాలకు జవాబు వచ్చింది. దాన్ని కూడబలుక్కుని చదవడానికి కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ దాకా పట్టింది. "నీ ఉత్తరం మా ఆవిడే చదివింది తల్లీ. ఆ రోజు నుంచి ఇంట్లో అందరూ నన్ను పాపాయి అనే పిలుస్తున్నారు. ఇరుగుపొరుగుకు కూడా తెలిసింది. అయినా నువ్వు రాయడం ఆపొద్దు" అని ఉంది.

నేను ఆపలేదు. ఇప్పుడు తప్పుల్లేకుండానే రాస్తానని నలుగురూ అంటున్నారు. అయినా ఎప్పుడైనా కలం పట్టుకుని కూర్చుంటే, కదిలే రైల్లో ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, వేళ్ళ నిండా సిరాతో, మీసాలు నెరిసిన పెద్దమనిషిని అంత నమ్మకంగా పాపాయిని చేసిన ఆ పిల్ల కనిపిస్తుంది. దానికి ఆ తప్పు చెప్పబుద్ధి కాదు.